తిరిగి రావాల్సిన మట్టి

ఆ పెరట్లో పోయినవి ఇవి. కోళ్ళు పదకొండు. మేకపిల్లలు రెండు. కాపు మీదున్న మునగచెట్టు ఒకటి, దాన్ని పిన్నే నరికించింది. తోటకూర మడులు నాలుగు, బచ్చలి పందిరి ఒకటి. ఆమె కొడుకు కుడిచెయ్యి. చెయ్యి ఉంది గానీ మణికట్టు దగ్గర వాలిపోయి వల లాగడానికి పనికిరాకుండా పోయింది. ఇరవై ఏళ్ళు ఇల్లు నడిపిన పని ఒకటి. మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల.

పెద్దదాన్ని చివర వేయడం నాకు అలవాటు. అందుకే పిల్లను చివర రాశాను.

పిన్ని పోయిందని మొన్న నౌపడ స్టేషన్లో తెలిసింది. పిన్ని వాళ్ళ పల్లె నుంచి ఎండుచేపల గంపలతో రైలు కోసం కూర్చున్న ఒకావిడ నన్ను గుర్తుపట్టి, మీ పిన్ని పోయి వారమైంది, పదకొండో రోజు బుధవారం అని చెప్పింది. నిజానికి ఆమె నాకు పిన్ని కాదు, ఏ చుట్టరికమూ లేదు. నేను మట్టి పని కొలిచేవాణ్ణి. గట్టు వేసినా చెరువు తవ్వినా గోతుల కొలతలు తీసి, కూలీల్లో ఎవరికెంత పని వచ్చిందో తేల్చడం నా పని. బడిలో చదివింది తక్కువ. లెక్కలు గట్ల మీదే నేర్చుకున్నాను. తొంభైల చివర్లో సంతబొమ్మాళి మండలంలో సముద్రం పక్కనున్న వాళ్ళ పల్లెకి రోడ్డు గట్టు వేస్తున్నప్పుడు, మధ్యాహ్నం అంబలి తాగడానికి చోటు వెతుక్కుంటూ ఆమె అరుగు దగ్గరికి వెళ్ళాను.

"అలగ ఎండలో కూకున్నావేటి మేస్త్రీ. అరుగెక్కు. నీ మట్టి ఎక్కడికీ పారిపోదు."

అదే ఆమె నాతో అన్న మొదటి మాట.

ఆమె వలలకు కట్టే సీసపు గుళ్ళు పోసేది. చుట్టుపక్కల పల్లెల్లో వల అడుగుకి దిగాలంటే ఆమె గుళ్ళే కట్టాలి. పలాసలో పాత సామాన్ల కొట్టు నుంచి లారీ బ్యాటరీల పలకలు గోనెసంచుల్లో తెచ్చుకునేది. బస్సులో సంచి మీద తనే కూర్చుని, కండక్టరు అడిగితే ఎండుచేపలని చెప్పేది. వాసన రాదేమని ఒక కండక్టరు అడిగితే, నీకు జలుబు చేసిందేమో చూసుకోమందట. పెరట్లో పొయ్యి మీద ఇనపమూకుడులో పలకలు కరిగించి, రెండు చెక్కలుగా విడిపోయే మట్టి అచ్చులో పోసేది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె నోట్లో చుట్ట ఉండేది, నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని. ఆ వైపు ఆడవాళ్ళు తాగే అడ్డపొగ అది. నోట్లో ఒక నిప్పు, ముందర ఒక నిప్పు, రెండింటి మధ్యా ఆమె మాట్లాడుతూనే ఉండేది.

గుండు చల్లారాక పంటితో కొరికి చూసేది. తర్వాత అరచేతిలో వేసుకుని కళ్ళు మూసుకునేది. "ఇది తక్కువుంది" అని పక్కన పడేసేది. నేను ఒకరోజు త్రాసు తెచ్చి ఆమె పక్కన పడేసినవి మూడు తూచాను. రెండు సరిగ్గా చెప్పింది, ఒకటి తప్పింది. ఆ ఒక్కదానికి త్రాసుదే తప్పంది. "సేతికి తెలుస్తాది మేస్త్రీ" అనేది. ఏ విషయం వచ్చినా అదే మాట. వంకాయ కొన్నా, వానొస్తుందా అని గాలిలో చెయ్యి పెట్టినా, జ్వరమొచ్చిన పిల్ల నుదురు ముట్టుకున్నా అదే మాట.

ఆ పల్లెంతా ఇసక. ఆమె భర్త బతికున్న రోజుల్లో మూడు మైళ్ళ అవతల మెట్ట నుంచి బండ్లతో ఎర్రమట్టి తోలించి పెరడంతా పరిచాడు. పల్లెలో ఎర్రమట్టి ఉన్న పెరడు అదొక్కటే. ఒక మూల పొయ్యి, దాని పక్కన సీసం తెట్టు పారబోసే చోటు, పదడుగుల దూరంలో ఆకుకూర మడులు. మనవరాలు మధ్యలో ఆడుకునేది. చల్లారిన గుళ్ళను తాడుకి గుచ్చి మెళ్ళో వేసుకుని, కొసనున్న గుండు చప్పరిస్తూ నా కొలత తాడు రెండో చివర పట్టుకుని నిలబడేది.

ముందు కోళ్ళు పోయాయి. కోళ్ళకి తెగులంటే ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మేకపిల్లలు. కొడుకు మణికట్టు వాలిపోయింది. ఆ ఎండాకాలం పిల్లకి కడుపునొప్పి మొదలై, ముఖం తెల్లబడి, వచ్చిన మాటలు కూడా మరిచిపోతున్నట్టయింది. టెక్కలి తీసుకెళ్ళారు. డాక్టరు అన్నీ అడిగి, చివరికి ఇంట్లో ఏం పని చేస్తారని అడిగాడు. పిన్ని నోటితో చెప్పకుండా రొంటిన ఉన్న గుండు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చేత్తో తీసుకుని చూసి, కింద పెట్టి, లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కొని వచ్చాడు. ఆ చేతులు కడుక్కోవడం చూసే తనకి సగం తెలిసిపోయిందని తర్వాత నాతో అంది.

రక్తం విశాఖపట్నం పంపారు. సీసం అని వచ్చింది. ఆ డాక్టరే ఎవరికో చెబితే, వ్యవసాయం పాఠాలు చెప్పే ఒక మేష్టారు జీపులో పల్లెకి వచ్చాడు. కుర్రాడు, నెమ్మదైన మనిషి. పెరట్లో పలుచోట్ల మట్టి తీసి సంచుల్లో కట్టుకుని వెళ్ళాడు. రెండోసారి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని, ఇక పోత పొయ్యి వెలిగించొద్దని, పిల్లని ఈ పెరటికి దూరంగా ఉంచమని ముందు చెప్పాడు.

పిన్ని మట్టి కడిగితే పోదా అని అడిగింది. కడిగితే నీళ్ళు పాడై మీ బావిలోకే దిగుతాయన్నాడు. కాలిస్తే పోదా అంది. సీసం కాలిపోదు, పొగలో కలిసి ఊరంతా తిరుగుతుందన్నాడు. ఆమె చేతిలో ఉన్న ఎర్రమట్టి బెడ్డని చాలాసేపు చూసింది. కళ్ళు మూసుకుని కూడా చూసింది.

"దీనికి సావు నేదన్నమాట."

"లేదమ్మా. ఎవరి నోట్లోకీ పోకుండా కట్టి పెట్టడమే."

ఆయన చెప్పిన పద్ధతి ఇది. పొయ్యి చుట్టూ బాగా పాడైన చోట పైమట్టి అర అడుగు గీకి తీసెయ్యాలి. బావికి దూరంగా, మిట్ట మీద గొయ్యి తీసి, అడుగునా పక్కలా బంకమట్టీ మందపాటి ప్లాస్టిక్ పట్టా వేసి, అందులో పోసి మూసెయ్యాలి. మిగిలిన పెరట్లో ఎముకల పొడి కలపాలి. ఎముకలో ఉన్న భాస్వరం సీసాన్ని పట్టుకుని రాయిలా చేస్తుంది, అది మట్టిలోనే ఉన్నా ఒంట్లోకి అంత తేలిగ్గా ఎక్కదు. ఆ పైన పొద్దుతిరుగుడు, ఆవ వేసుకుంటే మొక్కలు కొద్దికొద్దిగా సీసాన్ని పైకి లాగుతాయి. వాటిని తినకూడదు, పశువులకి వెయ్యకూడదు, ఎరువు గుంటలో పడెయ్యకూడదు. పీకి ఆ గోతిలోనే వెయ్యాలి.

మట్టి గీకే పని నా కూలీలే చేశారు. నలుగురు ఆడవాళ్ళు, ముక్కులకి గుడ్డలు కట్టుకుని, బుగ్గి లేవకుండా నీళ్ళు చల్లుకుంటూ. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, అర అడుగు లోతు. నూట ఇరవై ఘనపుటడుగులు. మా తట్టలతో అడుగుకి మూడు చొప్పున మూడు వందల అరవై తట్టలు. మోసిన తట్టలు లెక్కపెట్టినా అంతే వచ్చింది. పట్టా శ్రీకాకుళం నుంచి రావాలి, అది ఆలస్యమైంది. అంతవరకు మట్టిని పెరటి వెనక కుప్ప పోసి తాటాకులు కప్పాం. ఆ వారమే పిల్లకి ఫిట్స్ వచ్చాయి. తల్లీ తండ్రీ పిన్నీ ముగ్గురూ పిల్లని తీసుకుని విశాఖపట్నం వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఎదురింటామెకి, పక్కింటి వాళ్ళకి మట్టి ముట్టకండని పిన్ని చెప్పింది.

వాళ్ళు లేనప్పుడు అమ్మవారి పండగ వచ్చింది.

ఆ పల్లెలో పండగ ముందు ఇళ్ళు ఎర్రమట్టితో అలకాలి. ఇసక మీద ఇల్లు కట్టుకున్న వాళ్ళకి ఎర్రమట్టి అంటే ఎంతో అపురూపం. అందుకే, ఎక్కడైనా మట్టి తవ్వి పోస్తే అడగకుండానే తట్టెడు తెచ్చుకోవడం వాడుక, పొరుగింటి పొయ్యిలో నిప్పు తెచ్చుకున్నట్టు. పిన్ని ముట్టకండంటే, మట్టి మీద ఆశ కొద్దీ అందనుకున్నారు. పైగా జీపులో వచ్చిన సారు ఆ మట్టిని మూటలు కట్టుకుని వెళ్ళడం అందరూ చూశారు. పట్నం వాళ్ళు మూట కట్టుకెళ్ళారంటే మంచి మట్టే కదా అనుకున్నారు. అలా అనుకున్నామని తర్వాత వాళ్ళే నాతో చెప్పారు. ఒకరు తీస్తుంటే చూసి ఇంకొకరు, పండగ నాటికి పల్లెలో చాలా ఇళ్ళు ఎర్రగా మెరిశాయి.

పండగ అయిన వారానికి పిన్ని వాళ్ళు వచ్చారు. పిల్ల రాలేదు. అక్కడే మట్టి చేసి వచ్చారు.

నేను పలకరించడానికి వెళ్ళాను. కోడలు ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిన్ని పెరటి వెనక కుప్ప దగ్గర నిలబడి ఉంది. తాటాకులు పక్కకి తోసేసి ఉన్నాయి.

"మేస్త్రీ, ఇదెంత తగ్గిందో కొలు."

ఇప్పుడెందుకు పిన్నీ అన్నాను.

"ఇప్పుడే. పొయ్యిల కాడ అలికీసినారు. గుంటలు పాకే సోట అలికీసినారు. కొలు."

చిన్నపిల్లల్ని ఆ వైపు గుంటలంటారు. కొలిచాను. మిగిలింది నూట నలభై ఎనిమిది తట్టలు. పోయింది రెండు వందల పన్నెండు. ఆ నెలలో వాన పడలేదు కాబట్టి కొట్టుకుపోయిందనడానికి లేదు. అంకె చెబితే తల ఊపి, ఇంట్లోకి వెళ్ళి, గునపం, తట్ట, తడిపిన గుడ్డ తీసుకుని బయల్దేరింది. వెనక నేను నడిచాను.

మొదట బాలవాడికి వెళ్ళింది. అక్కడ ఆయా ముప్పై తట్టలు పరిపించి, తొక్కించి, అలికి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టింది. విషయం విని ఆయా పిన్ని చెయ్యి పట్టుకుంది.

"ఇసకలో కూకుంటే ఒల్లు దురదలెడతన్నాయని నానే పోయించినాను అప్పా. నాను పాపం సేసినానా?"

"నువ్వు మంచికే సేసినావు. గుంటల్ని బయటికి పంపు. ఆ మూల నుంచి నువ్వు గీకు, ఈ మూల నుంచి నాను గీకుతాను."

ఇద్దరూ సాయంత్రం దాకా గీకారు. పిల్లలు గుమ్మం బయట నిలబడి, తమ నేల ఎందుకు తవ్వేస్తున్నారో తెలియక నవ్వుతూ చూశారు. పిన్ని మధ్యమధ్య తలెత్తి వాళ్ళని చూసేది. ఏ పిల్లనీ దగ్గరికి రమ్మనలేదు, ఎవర్నీ ముట్టుకోలేదు.

ఈలోగా పట్టా వచ్చింది, మిట్ట మీద గొయ్యి తీసి కుప్పలో మిగిలింది అందులో పోశాం. తర్వాత పిన్ని ఇల్లిల్లూ తిరిగింది. కొడుకు పడవలో తన వాటా అమ్మేశాడు. ఆ వచ్చినదానితో మెట్ట నుంచి కొత్త ఎర్రమట్టి తోలించారు. ఒక తట్ట తీసుకుంటే ఒక తట్ట మంచి మట్టి ఇచ్చి, తనే అలికి వచ్చేది. కొందరు వెంటనే ఒప్పుకున్నారు. కొందరు వేట రోజులయ్యాక చూద్దామన్నారు. ఒకతను, "అలికింది మా ఆడమనిషే, దాన్ని కూడా గీకి అట్టుకెల్లిపో పిన్నీ" అన్నాడు. "దాన్ని మోసే తట్ట నా కాడ నేదు" అంది. మనవరాలు పోయాక ఆమె ఇతరుల్ని నవ్వించడం నేను చూసింది ఆ ఒక్కసారే. తను మాత్రం నవ్వలేదు.

ఎదురింటామె ఒప్పుకోలేదు. మునుపే ఇద్దరికీ నీళ్ళ దగ్గర మాటలు పోయి ఉన్నాయి. వీధిలో అందరూ వినేలా అంది.

"సచ్చిన గుంట పేరు సెప్పి ఊరోల్ల ఇల్లు పీకుతన్నాది."

పిన్ని చేతిలో గునపం కింద పెట్టింది. కొట్టుకుంటారేమో అని నేను ముందుకి వచ్చాను. ఆమె గొంతు పెంచలేదు.

"దానికి పేరెట్టింది నానే, ఆ మట్టిలో ఆడించింది నానే. దాని పేరు సెప్పడానికి నాకే నోరు రాదు. నీ మనవడు ఇంకా పాకుతన్నాడే. అందుకొచ్చినాను."

ఎదురింటామె తలుపు వేసుకుంది.

బాలవాడి ముప్పైతో కలిపి, ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్న తట్టలన్నీ కూడితే నూట డెబ్భై నాలుగు వచ్చాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి అవన్నీ గోతిలోకి చేరాయి. రెండు వందల పన్నెండులోంచి తీసేస్తే ముప్పై ఎనిమిది తేలడం లేదు. ఎదురింట్లో కొంత ఉందని తెలుసు, ఎంతో తెలియదు. మిగతాది ఎవరి ఇంట్లో ఉందో అసలు తెలియదు. ఈ మాట చెబితే, నీ లెక్క తప్పేమో అని ఆమె అనలేదు. అంటుందని ఎదురుచూశాను.

అప్పట్నుంచి ఆమె నడక మారిపోయింది. ఏ ఇంటికి వెళ్ళినా మనిషి ముఖం చూడకముందే నేల చూసేది. పెళ్ళికి పిలిస్తే చాప కొస ఎత్తి కింద మట్టి రంగు చూసేది. బంధువులు తోసుకుని నవ్వుకునేవారు. గోరుతో కాస్త గీకి అరచేతిలో వేసుకుని కళ్ళు మూసుకునేది, తర్వాత దులిపేసేది. "సేతికి ఏటీ తెలీదు మేస్త్రీ" అంది ఒకసారి. ఆ పాత మాట ఆమె నోట మళ్ళీ వినలేదు.

సొంత పెరడును కూడా వదల్లేదు. పల్లెలో చేపలు ఆరబెట్టే చోట ముళ్ళు, తలకాయలు ఏరి తెచ్చి, ఎండబెట్టి, దోరగా కాల్చి, రోట్లో దంచి జల్లించి మట్టిలో కలిపింది. ఆ కంపుకి నేను అరుగు మీద అంబలి తాగలేకపోయేవాణ్ణి. "బతికున్నన్నాల్లూ సేపని పట్టడానికి సీసం కట్టినాం. ఇప్పుడు సేప ముల్లే సీసాన్ని పడతాదంట" అంది. పొద్దుతిరుగుడు వేసింది. పువ్వులు విచ్చి గింజ పట్టాక చిలకలు వచ్చాయి. ఆమె పొద్దున్నుంచి సాయంత్రం దాకా కర్ర పట్టుకుని కూర్చుని వాటిని తోలేది. గింజ దక్కించుకోవడానికి కాదు. "తినకండే, తినకండే" అని బతిమాలుతూ తోలేది.

ఈ మొక్కలతో పెరడు శుభ్రమవడానికి ఎన్నేళ్ళు పడుతుందని నన్నడిగింది. మేష్టారు చెప్పిన అంకెలు పట్టుకుని లెక్కవేశాను. ఆమె జీవితంలో గానీ, ఆ పైవాళ్ళ జీవితంలో గానీ అయ్యేది కాదు. అదే చెప్పాను.

"మొదలెట్టకపోతే అంతకన్నా ఎక్కువ పడతాది గదా" అని తట్ట ఎత్తుకుంది.

మేష్టారు బదిలీ అయ్యాక కూడా ఒకసారి వచ్చి మట్టి పరీక్ష చేయించాడు. ఎముకల పొడి కలిపిన చోట ఒంట్లోకి ఎక్కే సీసం బాగా తగ్గిందన్నాడు. ఆకుకూర మాత్రం ఇంకా వద్దన్నాడు. ఆమె చనిపోయేవరకూ ఆ పెరట్లో ఒక్క తోటకూర విత్తనం చల్లలేదు.

ఆమెకి కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానం వైపు చాలామంది అలాగే పోతున్నారు. దానికి సీసమే కారణమని నేననను. నాకు తెలియని దాన్ని లెక్కలో వెయ్యను. టెక్కలి ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు కాళ్ళు నీరు పట్టి ఉన్నాయి. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"ఎంతుంది మేస్త్రీ?"

"ముప్పై ఎనిమిది పిన్నీ."

తగ్గించి చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఆమె కళ్ళు మూసుకుని, మట్టి తిరిగిచ్చిన ఇళ్ళ పేర్లో, ఇవ్వని వాళ్ళ పేర్లో, పెదవులతో ఏవో చెప్పుకుంటూ నిద్రపోయింది.

పదకొండో రోజున వెళ్ళాను. భోజనాలయ్యాక నేనూ కొడుకూ మిట్ట మీద గొయ్యి దగ్గరికి వెళ్ళాం. వానకి పైన బంకమట్టి పగిలిందేమో చూద్దామని. అక్కడ ఎదురింటామె నెత్తి మీద తట్టతో ఎక్కి వస్తోంది. అప్పటికే గోతి పక్కన కొంత ఎర్రమట్టి పోసి ఉంది. మమ్మల్ని చూసి ఆగలేదు. తట్ట దింపి, కుమ్మరించి, మళ్ళీ దిగి వెళ్ళింది. అన్నీ తనే మోసింది, ఎవర్నీ ముట్టనివ్వలేదు. చివరి తట్ట కుమ్మరించి అక్కడే కూలబడింది.

"పదేను, మేస్త్రీ. ఆ తగువు రోజే, అది ఎల్లగానే గీకీసినాను. ఆ తరవాత నా మనవడు దాని మీద ఒక్క పూట కూడా పాకనేదు. ఎనక సాలలో మూటలు కట్టి దాసీసినాను. దాని సేతికి ఇవ్వడానికే మనసొప్పనేదు."

కొడుకు వాలిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అన్నేళ్ళూ పిన్ని ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఆ పిల్లాడి ముఖంలో రంగు ఎలా ఉందో చూసేది. గీకేశానన్న ఆ ఒక్క మాట ఎదురింటామె గుమ్మంలోంచి అన్నా సరిపోయేది.

ముగ్గురం కలిసి ఆ పదిహేనూ గోతిలో వేసి మూశాం.

"ఇంకెంతుంది అన్నా?" అని కొడుకు అడిగాడు.

చెప్పాను.

నా కొలత తప్పదని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు తప్పితే బాగుండునని కూర్చుని మళ్ళీ వేస్తున్నాను. ఇరవై పొడవు, పన్నెండు వెడల్పు, అర లోతు, అడుగుకి మూడు. గోతికి చేరినవన్నీ ఒక్కొక్కటే తీసేస్తున్నాను. ఎటు నుంచి వేసినా ఆ పల్లెలో ఏదో ఒక ఇంట్లో, ఏ పిల్ల పాకుతుందో తెలియని నేల మీద, ఇంకా ఇరవై మూడు తట్టలు.